డ్యూటీలో ఎవరూ లేని చోట

2024 అక్టోబరు 19, శనివారం, సాయంత్రం 4 గంటల 40 నిమిషాలు. పడమటి గాలి, పలుచని మబ్బు, ఆరు డిగ్రీల చలి. ఢిల్లీ ద్వారకలోని మా ఇంటి నుంచి బయలుదేరిన రెండో రోజున, సముద్రమట్టానికి 3,200 మీటర్ల ఎత్తున ఉన్న ఆ రాతి గదికి నేనూ నా భార్యా చేరుకున్నాం. కొండదారిన నడిచేవారు తలదాచుకోవడానికి కట్టిన గది అది. తలుపుకు గడియ ఉంది, తాళం లేదు. చౌకీదారు లేడు. లోపల ఆరుగురు పడుకోగల చెక్క అరుగు తప్ప మరేమీ లేదు.

ఆమె కాకినాడ నుంచి వచ్చి, ఢిల్లీలో ముప్ఫై ఒక్క సంవత్సరాలు నర్సుగా పనిచేసింది. పదవీ విరమణ తరువాత కూడా సొసైటీలో ఎవరికి జ్వరం వచ్చినా, చర్చివారిలో ఎవరికి నొప్పి వచ్చినా, రాత్రిపూట మా తలుపే తట్టేవారు. ఈ గది సంగతి నేను చదివి వినిపించినప్పుడు ఆమె అడిగింది ఒక్కటే.

“డ్యూటీలో ఎవరూ ఉండరా?”

“ఎవరూ ఉండరు. ఫోను కూడా పలకదు.”

“అయితే అక్కడికే తీసుకెళ్ళండి. ఒక్క రాత్రి ఎవరూ లేపకుండా పడుకోవాలండీ నేను.”

అప్పటికే మెట్లెక్కితే ఆమెకు ఆయాసం వచ్చేది. ఢిల్లీ పొగ వల్ల అనుకున్నాం. అయినా నేను ఒక నియమం పెట్టాను: వేలికి తగిలించే ఆక్సిజన్ మీటరులో అంకె 85 కన్నా తగ్గితే వెంటనే దిగిపోవాలి. ఆమెను గుర్రం మీద తెచ్చినతను అందుకోసమే గుమ్మం దగ్గర ఆగి ఉన్నాడు. చీకటిపడేలోగా అతను కింది ఊరికి చేరాలి.

బీపీ అయినా షుగరు అయినా మా ఇంట్లో ఆమె చదవడం, నేను నోటు పుస్తకంలో రాయడం అలవాటు. ఆమె మీటరు పెట్టుకుని కిటికీ వైపు తిరిగింది.

“ఎనభై ఎనిమిది. రాసుకోండి.”

ఇక వెళ్ళనా అని అడగడానికి గుర్రమతను తొంగిచూశాడు. “ఆంటీజీ, ఠీక్ హై నా? జావూఁ?”

“ఠీక్ హై భయ్యా, జావో. సుబహ్ ఆనా.”

పొద్దున్నే వస్తానని తలూపి అతను గుర్రంతో దిగిపోయాడు. రొట్టె, ఉడకబెట్టిన గుడ్లు తిని ఎనిమిదింటికి పడుకున్నాం. తొమ్మిదింటికి నేను ఆమెను లేపాను.

“మళ్ళీనా? ఐసీయూలో పేషెంటుని కూడా ఇంత పీడించమండీ.”

“గంటకోసారి చూద్దామని అనుకున్నాం కదా.”

“మీరనుకున్నారు. ఎనభై ఏడు. రాసుకుని పడుకోండి. ఆ పుస్తకాన్ని కూడా పడుకోబెట్టండి.”

పదింటికి ఎనభై ఎనిమిది. పన్నెండింటికి ఎనభై ఆరు. అంకెలు నిలకడగా ఉన్నందుకు నాకు ధైర్యం కలిగింది. రెండింటికి ఆమె కళ్ళు తెరవకుండానే అంకె చెప్పింది. అది నేను గమనించాను. దానిని రాసుకోవడానికి నా పట్టికలో గడి లేదు.

ఆరింటికి వెలుతురు వచ్చింది. ఆమె గోడకు చేరగిలబడి, నోరు తెరిచి నిద్రపోతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. కళ్ళజోడు పెట్టుకుని, మీటరు నేనే ఆమె వేలికి తగిలించాను. 74. రెండు నిమిషాలు ఆగాను. 73.

ఆమె కళ్ళు తెరిచింది.

“నిన్న సాయంత్రం ఎంత ఉంది?” అని అడిగాను.

“డెబ్బై ఆరు.”

“నాతో అబద్ధం చెప్పావా?”

“నిజం చెబితే అప్పుడే గుర్రం ఎక్కించేద్దురు. ముప్ఫై ఒక్కేళ్ళు ఛార్టులు రాశాను, ఒక్క అంకె తప్పు రాయలేదు. ఈ ఒక్క రాత్రి కోసం చెప్పానండీ. చెప్పి మాత్రం ఏం లాభం, మీరు పడుకోనిచ్చారా?”

నవ్వబోయింది. దగ్గు అడ్డొచ్చింది.

గుర్రమతను రాగానే బయలుదేరి పదకొండు గంటలకు కింది ఊరు చేరాం. ఊపిరితిత్తులు గట్టిపడే జబ్బని, మొదలై రెండేళ్ళయి ఉంటుందని ఢిల్లీలో చెప్పారు. నూట పద్నాలుగు రోజుల తరువాత, ఒక మంగళవారం, ఆమె పోయింది. ఆ రాత్రి కొండ మీద ఉండడం వల్ల కాదని డాక్టరు అన్నారు. ఎంత శాతం కాదో చెప్పమని అడిగాను. ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు, అంకె చెప్పలేదు.

నోటు పుస్తకం నా దగ్గరే ఉంది. తొమ్మిది నుంచి అయిదు దాకా ఆమె చెప్పిన వాటిలో నిజమైన అంకె ఒక్కటీ లేదు. వాటిని కొట్టివేసి, మార్జిన్‌లో లెక్క సరిచూసి రాశాను. ఎవరూ లేపకుండా నిద్రపోవాలని వచ్చిన మనిషిని ఆ రాత్రి నేను తొమ్మిదిసార్లు లేపాను.