పద్నాలుగు మంది మాస్టార్లూ ఒక పెళ్ళీ

పోయిన వేసవిలో పలాసలో ఆర్కెస్ట్రా కండక్టర్ల సదస్సు పెట్టారు. విజయనగరంలో నాకూ ఒక చిన్న ఆర్కెస్ట్రా ఉంది. ఒకప్పుడు వయొలిన్ వాయించేదాన్ని. ఇప్పుడు వాయించేవాళ్ళ ముందు నిలబడి చేతులూపుతాను. పిలుపు రాగానే వయొలిన్ కూడా పెట్టె దులిపి వెంట తెచ్చుకున్నాను.

స్టేషన్ బయట ఆటో అతను ఎందుకొచ్చారని అడిగితే, "కండక్టర్ల మీటింగుంది" అన్నాను.

"ఏ డిపో మేడమ్?"

బస్సు కండక్టర్ని కాదని చెప్పి, మా పని ఏమిటో వివరించాను. శ్రద్ధగా విన్నాడు.

"అయితే మీరేటీ వాయించరా?"

"వాయించను."

"అయినా పిలుత్తారా?" అన్నాడు. వెక్కిరింపు కాదు, నిజంగానే ఆశ్చర్యపోయాడు.

సదస్సు నడిపించిన పలాస మిత్రుడికి ఆర్కెస్ట్రాతో పాటు జీడిపప్పు దుకాణం కూడా ఉంది. కాబట్టి ప్రతి వరుసలోనూ వేయించిన జీడిపప్పు పళ్ళేలు పెట్టించాడు. 'పాటలో నిశ్శబ్దం విలువ' అనే ప్రసంగాన్ని మేము కరకరలాడిస్తూనే విన్నాం. పొద్దున్నే బజారులో తిరిగి ఏ దుకాణంలో రుచి చూడమంటే ఆ దుకాణంలో చూశాం. మధ్యాహ్నానికి ఆకలి లేని వాళ్ళం కూడా అందరికంటే ముందే భోజనానికి కూర్చున్నాం.

మాలో అందరికంటే పెద్ద కాకినాడ మాస్టారు. తాళం చూపించే ఆయన బెత్తం మఖమలు పెట్టెలో ప్రయాణం చేస్తుంది. మొదటి రోజు సాయంత్రం పద్నాలుగు మందిమీ కలిసి ఒక పాట వాయించాలని అనుకున్నాం. బెత్తం ఆయనదే. మేము వాయించేవాళ్ళం. అంతే, అక్కడే వచ్చింది చిక్కు. ఇన్నేళ్ళుగా మమ్మల్ని చూసి వాయించేవాళ్ళే గానీ, మేము ఎవరినీ చూసిన పాపాన పోలేదు. ట్రంపెట్ ఆయన తన కాలితో తన తాళం వేసుకున్నాడు. మాండొలిన్ ఆయన కనుబొమలతో పక్కవాళ్ళని సరిదిద్దాడు. నేనూ తక్కువ తినలేదు, ఎడమ భుజంతో సైగలు చేశాను.

"నన్ను చూడండయ్యా, నన్ను!" అని మాస్టారు స్టాండు మీద కొట్టి కొట్టి, చివరికి అలిగి కుర్చీలో కూలబడ్డారు. "మా వాళ్ళయితే నా దగ్గర ఇలా వాయించే సాహసం చెయ్యరు" అని ఆయనన్నారు. ఆ మాటే మిగిలిన పదమూడు మందిమీ కూడా ఒకరి తరువాత ఒకరం అన్నాం.

ఈ వేడి చల్లారాలని మర్నాడు మధ్యాహ్నం మా మిత్రుడు వ్యాను మాట్లాడి అక్కుపల్లి సముద్రానికి తీసుకెళ్ళాడు. హాల్లో ఎవరి వాద్యం వాళ్ళు వదలడానికి ఒప్పుకోలేదు కాబట్టి అవి కూడా ఎక్కాయి. ఒడ్డున పడవల నీడలో వలలు బాగుచేసుకుంటున్నవాళ్ళు పని ఆపి మమ్మల్ని చూశారు. ప్యాంట్లు మడిచి, చీరలు ఎత్తి పట్టుకుని అలల్లోకి పరిగెత్తి, అంతకంటే వేగంగా వెనక్కి పరిగెత్తే పెద్దమనుషులని ఎవరైనా చూస్తారు. మాస్టారు మాత్రం మోకాలి లోతులో కదలకుండా నిలబడ్డారు. ఆయన చెయ్యెత్తితేగానీ అల రాకూడదన్నట్టుంది ఆ నిలబడటం.

తిరిగొస్తుంటే, జీడితోటల మధ్య, మా మిత్రుడికి ఫోను వచ్చింది. ఆ దగ్గరి ఊళ్ళో ఉన్న వాళ్ళ బావ. ఆయన కూతురికి ఆ సాయంత్రమే పెళ్ళి. పెళ్ళికొడుకు వాళ్ళు ఊరి మొదట్లోకి వచ్చేశారు. టెక్కలి నుంచి రావలసిన బ్యాండు వాళ్ళ వ్యాను దారిలో ఆగిపోయింది.

"మేళం నేకుండా మావోడు కారు దిగడని పెల్లికొడుకు మావ కూకున్నాడు బావా, ఏటి సెయ్యాలి?" ఆ గొంతు వ్యానంతా వినిపించింది.

మా మిత్రుడు వెనక్కి తిరిగి మమ్మల్ని చూశాడు. మేమంతా ఒకేసారి కిటికీల్లోంచి బయటికి చూశాం. రెండు రోజుల్లో మేము కలిసి చేసిన మొదటి పని అదే.

అయినా వెళ్ళాం. రోడ్డు మీద పూలు కట్టిన కారు, చుట్టూ జనం. పెళ్ళికూతురి నాయనమ్మ ముందుకొచ్చింది.

"మీలో మాస్టారెవులు బావూ?"

పద్నాలుగు చేతులు లేచాయి.

ఆవిడ ఒక్కొక్కరినీ తేరిపార చూసి, "అయితే వాయించీవోలెవులు?" అంది. లేచిన చేతులన్నీ దిగిపోయాయి.

కాకినాడ మాస్టారు పెట్టె తెరిచి బెత్తం తీశారు. మాకు ఎదురుగా నిలబడి, వెనక్కి నడుస్తూ తాళం చూపించడం మొదలుపెట్టారు. మేము ఎవరికి వాళ్ళం అందుకున్నాం. పెళ్ళికొడుకు కారు దిగాడు. ఊరేగింపు కదిలింది. పది అడుగులు పోయేసరికి మాస్టారు కొబ్బరి పీచు గుట్ట మీదికి వెనక్కి వెనక్కి ఎక్కుతున్నారు. నాయనమ్మ రెండు భుజాలూ పట్టుకుని ఆయన్ని పిల్లాడిలా గిర్రున తిప్పేసింది.

"ముందుకి సూసి నడు బావూ! పడ్డావంటే పెళ్ళి మానీసి నిన్ను సూసుకోవాల. ఊరికే సేతులూపీ బదులు ఏదో ఒకటి వాయించరాదా?"

ఆయన మొహం ఎర్రబడింది. నాలుగడుగులు ముందుకి చూసి నడిచారు. తరువాత బెత్తం నాకిచ్చి, భుజాన ఉన్న సంచిలోంచి క్లారినెట్ ముక్కలు తీసి బిగించారు. అది ఆయన దగ్గర ఉన్నట్టు మాకెవరికీ తెలియదు.

మొదటి స్వరం కీచుమంది. రెండోదీ అంతే. మూడో పలుకు నుంచి పాట పట్టుకుంది, గొంతులో కాస్త బొంగురుతో. చూడటానికి మాకెదురుగా ఎవరూ లేరు. ఆ బొంగురు గొంతు వెనకే పోయాం. నేను బెత్తాన్ని జడలో గుచ్చుకుని వయొలిన్ ఎత్తుకున్నాను. తీగలు ఎండకి వదులైపోయి శ్రుతి కాస్త దిగింది గానీ, ఆడవాళ్ళ చప్పట్లలో ఎవరికీ పట్టలేదు. ముందురోజు పట్టించుకోలేదు గానీ, ఎన్నో ఏళ్ళ తరువాత నా గడ్డం కింద ఆ చెక్క వణికింది. ఎంత హాయిగా ఉందంటే, ట్రంపెట్ ఆయన తప్పు వాయించినా వెనక్కి తిరిగి చూడాలనిపించలేదు.

పెళ్ళివారి అత్తలందరూ నడుములు బిగించి ఎగిరారు. పాట ఆపితే ఊరుకోలేదు. "ఓలమ్మ, మల్లీ కొట్టండి! అదే, అదే!" ఆ ఒక్క పాటతోనే పందిరి చేరాం. మాకందరికీ కలిసి వచ్చింది అదొక్కటేనని వాళ్ళకి చెప్పలేదు.

మేము పచ్చి జీడిపప్పు కూరతో భోజనానికి కూర్చున్నాక టెక్కలి బ్యాండు వచ్చింది. దాన్ని నడిపించే మేస్త్రీ మమ్మల్ని చూసి మొదట మొహం ముడుచుకున్నాడు. సంగతి విన్నాక నవ్వి, తన వాళ్ళతో పందిట్లో వాయించడం మొదలుపెట్టాడు. కూర సగంలోనే మాస్టారు లేచి చేతులు కడుక్కుని, క్లారినెట్‌తో ఆ వరుస చివర నిలబడ్డారు. మేస్త్రీ చెయ్యెత్తితే ఎత్తారు, దించితే దించారు. మేము విస్తళ్ళ ముందు నోళ్ళు తెరుచుకుని చూశాం.

మేము వెళ్ళేటప్పుడు మేస్త్రీ వ్యాను దాకా వచ్చాడు.

"మాస్టారూ, సీజన్లో మాకు క్లారినెట్టోడు సాలడం నేదు. వొత్తారేటి?"

ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "యూనిఫారం నా కొలతకి ఉంటుందా?" అని అడిగారు.

ఉందట. పై వారమే టెక్కలిలో ఒక పెళ్ళిలో ఎర్రకోటు వేసుకుని వాయించారని మా పలాస మిత్రుడు ఫోటో పంపాడు. కోటు చేతులు మాత్రం కాస్త పొట్టయ్యాయి.