నైట్‌షిఫ్టు ఇంట్లో కుక్క

మా కుక్క తల్లి ఆఫీసర్ల బంగ్లాలో పెరిగిన లాబ్రడార్. తండ్రి ఎవరో ఆ గేటు బయట తిరిగే వీధికుక్కల్లో ఒకడు. బంగ్లా వాళ్లకు ఆ సంబంధం నచ్చలేదు, పిల్లల్ని అడిగినవాళ్లకల్లా పంచేశారు. మా ఆయన డ్యూటీ నుంచి వస్తూ ఒకదాన్ని టిఫిన్ సంచిలో వేసుకొచ్చాడు. "అయ్యో, గిదేంది!" అని నేను గుసగుసగా కేకలేశాను. మా ఇంట్లో కేకలు కూడా గుసగుసగానే ఉంటాయి.

ఎందుకో చెప్పాలి. ఆయన ఓపెన్‌కాస్టు బొగ్గుగనిలో డంపరు లారీ నడుపుతాడు. నైట్‌షిఫ్టు చేసి పొద్దున వచ్చి పడుకుంటే సాయంత్రం దాకా ఇల్లంతా ఊపిరి బిగబట్టాలి. నేను కాపురానికి వచ్చిన రోజే మా అత్త పెట్టిన చట్టం ఇది. "నిద్ర సాలని మొగోడు బాయి పనికి పోతె మల్ల ఇంటికొస్తడన్న నమ్మకం లేదు బిడ్డా. సప్పుడు చెయ్యకు" అంది. మా మామ నిద్రమత్తులోనే బొగ్గుబాయిలో కాలు పోగొట్టుకున్నాడు. ఇంక నేనేం ఎదురు చెబుతాను? అత్త పోయి ఏళ్లయింది గాని ఆమె చట్టం పోలేదు.

మాది పై అంతస్తు క్వార్టరు. ముందు గది, వెనక వంటగది, అంతే. బయటికి పోవాలంటే ఆయన మంచం పక్కనుంచే పోవాలి. అందుకని ఆయన పడుకోగానే నేనూ కుక్కా వంటగదిలోకి పోయి తలుపు గొళ్లెం పెట్టుకునేవాళ్లం. కుక్కరు వాడను, విజిల్ వేస్తుంది కదా. మిక్సీ బంద్, దంచడం బంద్. చెంచా కింద పెట్టాలన్నా గుడ్డ మీదే. మధ్యాహ్నం గనిలో బ్లాస్టింగ్ జరిగితే కిటికీ అద్దాలు గడగడలాడేవి. తలుపు అవతల గురక మాత్రం ఆగేది కాదు. అయినా నా చెంచా చప్పుడుకే లేస్తాడని నా భయం. ఒక్కోరోజు ఆ గోడలకు తల బాదుకోవాలనిపించేది. దానికీ చప్పుడవుతుందని ఊరుకునేదాన్ని.

అలాంటి గదిలో పెంచాల్సిన కుక్కా అది! నీళ్లు కనిపిస్తే బకెట్లో మూతి పెట్టదు, కాళ్లు పెడుతుంది. కడుపు నిండిందన్న మాట దాని జాతికే తెలియదు, కొలత మనమే పెట్టాలి. వేలాడే చెవుల్లో తడి నిలిచి వాసనొస్తుంది, మెత్తటి గుడ్డతో తుడుస్తూ ఉండాలి. ఒంటిని దువ్వితే బొగ్గు దుమ్ముకు దువ్వెన నల్లబడేది. పరుగెత్తించకపోతే చెప్పుల మీద పడుతుంది. అన్నిటికంటే వింత దాని నోరు. ఏదో ఒకటి మోయకుండా ఉండలేదు. ఓసారి కోడిగుడ్డు నోట్లో పెట్టుకుని గదంతా తిరిగి, పగలకుండా తెచ్చి నా కాళ్ల దగ్గర పెట్టింది.

ఆ నోరే నాకు పనికొచ్చింది. మెట్ల మీద అడుగు వినిపిస్తే అది మొరగబోయేది. నేను చటుక్కున ఆయన పాత సాక్సు అందించేదాన్ని. నోట్లో వస్తువుంటే అది మొరగదు, ముక్కుతో ఊఁ ఊఁ అంటుందంతే. కొన్నాళ్లకు మొరగాలనిపించినప్పుడల్లా తనే పోయి సాక్సు కరుచుకునేది. ఒక్కసారి ఆయన నిద్ర చెడగొట్టినా కమాన్‌పూర్‌లో మా ఆడబిడ్డ పొలానికి పంపేయాలని నాకు నేనే ఒట్టు పెట్టుకున్నాను. పంపితే ఆ వంటగదిలో ఒక్కదాన్నే మిగులుతానని కూడా తెలుసు. అందుకే దాని పేరు సైతం ఎప్పుడూ గట్టిగా పిలవలేదు.

మొన్నటి ఎండాకాలం. కూలరు ఆయన దగ్గరుంది, పొయ్యి మా దగ్గరుంది. కింద ఎవరో గొడవ పడుతుంటే కుక్క సాక్సు కరుచుకుని పడుకుంది. నేను కూర కలుపుతున్నాను. ఊఁ ఊఁ వినబడటం లేదేమిటని తిరిగి చూస్తే పక్కకు ఒరిగిపోయి ఉంది. కుక్కకు మనలా చెమట పట్టదు, నోరు తెరిచి నాలుక చాపి వగరిస్తేనే ఒంట్లో వేడి పోయేది. ఇదేమో నోరు మూసుకునే ఉంది. సాక్సు లాగేస్తే చొంగ కారింది, నాలుక ఎర్రగా కమిలిపోయింది. బిందెలో మిగిలిన నీళ్లు పోశాను. లేవలేదు. దానికి గాలి కావాలి, గాలి తలుపు అవతల ఉంది.

గొళ్లెం మీద చెయ్యి వేసి ఆగిపోయాను. అది తీస్తే ఇల్లంతా మోగుతుంది. ఆయన రాత్రికి మళ్లీ డంపరు ఎక్కాలి. అత్త మాట చెవిలో మోగుతోంది. ఇటు చూస్తే దీని కళ్లు తేలిపోతున్నాయి. థూ, ఏం బతుకిది! ప్రాణం పోతున్నా ఇది కుయ్యిమనలేదు, ఎదురుగా నిలబడి నేనూ కుయ్యిమనలేదు. ఏడుపొచ్చింది. గొళ్లెం లాగేశాను.

దాన్ని చంకల కింద పట్టుకుని ఈడ్చాను. మొద్దు బరువు. స్టూలు తగిలి పడింది, దాని మీది స్టీలు చెంబు గది చివరిదాకా దొర్లింది. వీధి తలుపు తెరిచి అరిచాను. "అక్కా! నీళ్లు తే, జల్ది! కుక్క సచ్చిపోతాంది!"

ఎదురు క్వార్టరు అక్క బకెట్టుతో ఉరికొచ్చింది. కూలరు కుక్క వైపు తిప్పి, కడుపు మీద, కాళ్ల మీద నీళ్లు పోస్తూ ఇద్దరం అరుచుకున్నాం. చాలాసేపటికి అది తల ఎత్తింది. లేచి నిలబడి ఒళ్లంతా విదిలిస్తే నీళ్లు ఆయన ముఖాన పడ్డాయి. అప్పుడు మొరిగింది. అంత గొంతు దానికి ఉందని నాకే తెలియదు.

"ఓయమ్మో, గీ సప్పుడుకు సచ్చినోడు సుత లేస్తడు గదనే!" అంది అక్క. ఇద్దరం మంచం వైపు చూశాం. ఆయన చేత్తో ముఖం తుడుచుకుని, అటు తిరిగి పడుకున్నాడు. గురక మళ్లీ మొదలైంది.

సాయంత్రం ఆయన లేచి తడి నేల మీద కాలు పెట్టి, "ఇల్లంత గిట్ల తడిసిందేంది?" అన్నాడు. అత్త చట్టం దగ్గర నుంచి మొత్తం చెప్పాను. ఆయన నెత్తి గోక్కున్నాడు.

"నాకేం ఇనరాలె. డంపరు మీద ఇన్నేండ్లు బతికినోన్ని, నాకు సప్పుడుకు నిద్ర సెడుతదా? ఇంట్ల గింత గప్‌చిప్ ఏందని నేనే మస్తుసార్లనుకున్న."

"మరి ఒక్కసారన్న అడగద్దా?"

"నీకే సప్పుడు పడదనుకున్న. నీకెందుకు తక్లీఫని నేను సుత టీవీ పెట్టకపోతి."

ఒళ్లు మండిపోయింది. ఆయన మీద, పోయిన అత్త మీద, నా మీద. పశువుల దవాఖానకు తీసుకుపోదామని, గుమ్మం దగ్గర పడుకున్న కుక్కను పేరు పెట్టి గొంతెత్తి పిలిచాను. పెళ్లయ్యాక ఆ ఇంట్లో ప్రాణభయం లేకుండా నేను వేసిన మొదటి కేక అదే. కుక్క అదిరిపడి లేచింది. నా ముఖంలోకి చూసి, వంటగదిలోకి పరుగెత్తి, సాక్సు కరుచుకొచ్చి నా చేతిలో పెట్టింది.