దర్శి ఎండలో మంచు గుడి

ఇది అరవైల మొదట్లో సంగతి. గుంటూరు బ్రాడీపేటలో నాకో చిన్న ఫొటో స్టూడియో ఉండేది. పెళ్లి ఫొటోలు తీసి తీసి విసుగెత్తి, సూర్యుడి చుట్టూ కట్టే గుడిని ఒక్కసారైనా తీయాలని పట్టుబట్టాను. చాలా ఎత్తున, పల్చటి మబ్బులో మంచు పలుకులుంటాయి. ఎండ వాటిలో వంగి వలయంలా కనిపిస్తుంది. గుంటూరు ఎండలో మంచేమిటని నవ్వేవాళ్లు నవ్వారు. ఫాల్గుణంలో ఓ సాయంత్రం పల్చటి మబ్బు కమ్మి ఆకాశం పాలిపోయింది. దర్శి దగ్గర మా అక్క ఊళ్లో అయితే మేడలూ తీగలూ అడ్డు రావు. నిజం చెప్పాలంటే అక్క మీద దిగులూ ఉంది. బావ పోయి ఏడాది తిరగలేదు. ఆ ఏటి మిరప సేద్యమంతా ఆమె ఒక్కతే చేయించింది. ఆ పంట చేతికి రాకపోతే పొలం కౌలుకిచ్చి కూర్చోమంటున్నారు బంధువులు.

మర్నాడు తెల్లవారుజామున బస్సెక్కి అద్దంకిలో మారాను. దుమ్ముకు కెమెరాను తువ్వాల్లో చుట్టుకుని ఒళ్లో పెట్టుకున్నాను.

“పెళ్లికాండీ?” అన్నాడు డ్రైవరు.

“కాదు, సూర్యుణ్ణి తీయడానికి.”

“ఆయన ఎక్కడికీ పోడు లెండి, నింపాదిగా తీసుకోండి” అన్నాడు.

మధ్యాహ్నానికి ముందే అక్క కల్లం చేరాను. నేలంతా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకు తుమ్ములు. పైన సూర్యుడి చుట్టూ గుడి కట్టే ఉంది. లెన్సులో సూర్యుడు నేరుగా పడితే ఫొటో అంతా తెల్లగా వచ్చేస్తుంది. అందుకే, “అక్కా, ఆ చేట ఎత్తి సూర్యుడికి అడ్డం పట్టు” అన్నాను.

“నన్ను తియ్యమాకరా. ఏడాది తిరిగేదాకా నేను ఫొటోలో పడకూడదు.”

“నిన్ను కాదు, ఆకాశాన్ని.”

చేట ఎత్తింది. దాని నీడలోంచి పైకి చూసి అలాగే నిలబడిపోయింది. రాత్రి చంద్రుడి గుడిని అందరూ చూస్తారు. నడినెత్తి సూర్యుడి వైపు తలెత్తేదెవరు?

“ఒరేయ్, ఎంత పెద్ద గుడిరా! వానొస్తది. కాయ పోగెయ్యాలి.”

పక్క కల్లం నాగయ్య బాబాయి వచ్చాడు. “పగటి గుడికి వానేందమ్మా? కాయ ఇంకా పచ్చిగానే ఉంది. ఇప్పుడు పోగేస్తే ముక్కిపోద్ది. మీ ఆయనుంటే ఇట్టా చేసేవాడా?”

అక్క కళ్లు తుడుచుకుంది. “ఆయన లేడుగా బాబాయ్. ఉన్నదాన్ని నేనే.”

ఫొటో తీశాక నేనూ పార పట్టాను. పొద్దుగూకేలోపు కాయంతా పోగేసి తాటాకు చాపలు కప్పాం. ముక్కిపోతే ఆ మాట ఆమె జన్మంతా పడాలి. నాకు భయమేసింది.

తెల్లారేసరికి వాన దంచికొట్టింది. అక్క కాయ పొడిగానే ఉంది. బాబాయి కాయ బురదలో తేలుతుంటే, అక్కే గంప పట్టుకుని ముందు అటు పరిగెత్తింది. ఆయన తల దించుకునే ఆమె పక్కన కాయ ఎత్తాడు.

తరవాత ప్రింటు తీసుకెళ్లి ఇచ్చాను. సగం వలయం, నల్లటి చేట, దాన్ని పట్టుకున్న గాజుల్లేని చెయ్యి. “ముఖం పడలేదుగా?” అని అడిగింది. లేదన్నాను. బావ పటం పక్కన గోడకు తగిలించింది. పొలం కౌలుకివ్వమని ఆ ఇంట్లో మళ్లీ ఎవరూ అనలేదు. అంత ఎత్తున మంచు ఉందని చూపించడానికి వెళ్లాను గాని, నాకు మిగిలింది ఆ చెయ్యే.

మీరూ గుడిని తీయబోతే సూర్యుణ్ణి నేరుగా చూడకండి, దేన్నైనా అడ్డం పెట్టుకోండి. పట్టుకున్నవాళ్ల చెయ్యి ఫొటోలో పడితే మాత్రం కత్తిరించకండి.