కంది గింజల లెక్క

తాండూరు నుంచి మా పత్రికకు వార్తలు పంపే విలేకరి ఒకాయన ఉండేవాడు. ఏ ఊరేగింపుకు వెళ్లినా ఎడమ జేబు నిండా కందులు పోసుకునేవాడు. పదిమంది నడిచిపోగానే ఒక గింజ తీసి కుడి జేబులో వేసుకునేవాడు. వికారాబాద్ ఆఫీసులో ఆయన వార్తలు దిద్దే పని నాది. "తాండూరాయన చెప్పిండంటే లెక్క లెక్కే" అని అందరూ నా ముందే అనేవారు. నా గురించి ఎవరూ అలా అనలేదు. అదే నా కడుపుమంట.

యుద్ధం ఆపాలంటూ తాండూరులో పెద్ద ర్యాలీ జరిగింది. నాలుగు వేల మంది వచ్చారని ఆయన రాశాడు. నేను దాన్ని "పదుల సంఖ్యలో" అని మార్చి, పైన ఆయన పేరు అలాగే ఉంచాను.

మర్నాడు ఆయన వచ్చి, ర్యాలీలో కుడి జేబులో పడిన కందుల పొట్లం నా బల్ల మీద పెట్టాడు.

"నాపరాయి గనుల్ల పనిజేసే ఆడోళ్లు పొద్దుగాల్నే ఇంటికొచ్చిండ్రన్నా. 'గంత ఎండల నడిస్తిమి, నీ కండ్లకు మేం మనుషుల్లెక్క కనవడలేదా?' అన్నరు."

"పేపర్ల జాగ లేకుండె తమ్మీ."

"నాలుగు వేలకు లేని జాగ పదులకు ఉన్నదా? జర నువ్వే లెక్కవెట్టు."

ఆ నెలలోనే ఆయన విలేకరి పని మానేశాడు. నా పేరు మాత్రం ఆ గని ఆడవాళ్లకు చెప్పలేదు.

నిన్న సొరుగులో ఆ పొట్లం దొరికితే కూర్చుని లెక్కపెట్టాను. నాలుగు వందల పన్నెండు గింజలు. ఆయన కొంత తగ్గించే రాశాడు.

గనుల్లో పనిచేసే అమ్మలారా, ఆ రోజు మిమ్మల్ని లెక్కలోంచి తీసేసింది ఆయన కాదు, నేను.