అమ్మను పక్కకు తిప్పిన చేతులు

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని కూడా చెప్పలేను. హన్మకొండ సుబేదారిలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతాను. మాది క్రైస్తవ కుటుంబం. పోయినవాళ్లు మళ్లీ ఇంటికి వస్తారనే మాట మా ఇంట్లో ఎవరూ అనరు. అందుకే జరిగింది ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు, మా పాస్టరుగారికి కూడా.

మా అమ్మ సుగుణమ్మ కూర్చున్నచోటే నిద్రపోయేది. కూరగాయలు తరుగుతూ కునికేది. చర్చిలో పాట మధ్యలో తల వాల్చేసేది. ఒకసారి పొయ్యి దగ్గర తూలి చేయి కాల్చుకుంది. చుట్టాలు బద్ధకమన్నారు. నిజానికి ఆమెకు రాత్రి నిద్రే లేదు. గురక పెడుతూ పెడుతూ ఉన్నట్టుండి ఊపిరి ఆగిపోయేది. మళ్లీ నీళ్లలోంచి పైకి తేలిన మనిషిలా ఎగపీల్చేది. హన్మకొండలో డాక్టరు దాన్ని స్లీప్ ఆప్నియా అన్నాడు. ముందు నిద్రలో పరీక్ష చేయాలని, తర్వాత రోజూ ముక్కుకు గాలి పంపే మాస్కు మిషన్ పెట్టుకుని పడుకోవాలని చెప్పాడు.

పరీక్ష కోసం సర్కారు దవాఖానకు వెళ్లినప్పుడల్లా ఏదో ఒక అడ్డం. మిషన్ రిపేరుకు పోయిందని ఒకసారి, చేసే మనిషి సెలవులో ఉన్నాడని ఇంకోసారి తిప్పి పంపారు. ఎట్టకేలకు పరీక్ష అయ్యాక, మాస్కు మిషన్‌కు పైనుంచి మంజూరు రావాలన్నారు. ఎప్పుడు అడిగినా జర ఆగమనే మాటే.

అందాకా వెల్లకిలా పడుకోనివ్వొద్దని డాక్టరు చెప్పాడు. మంచం తలవైపు కాళ్ల కింద ఇటుకలు పెట్టాం. జాకెట్టు వెనక బంతి పెట్టి కుట్టాను. నొప్పి పుడుతోందని అమ్మ పీకేసింది. ఆమెది భారీ శరీరం, పైగా మోకాలు అరిగిపోయింది. మేలుకుని ఉన్నా ఎవరో ఒకరు పట్టుకోనిదే పక్కకు తిరగలేకపోయేది.

ఆ పని బాపు, అంటే మా నాన్న, తీసుకున్నాడు. ఆయన ఎనుమాముల మార్కెట్లో హమాలీ, మిర్చి బస్తాలు మోసేవాడు. అమ్మ ఊపిరి ఆగగానే లేచి, ఒక చేయి భుజం కింద, ఒక చేయి నడుము కింద పెట్టి మెల్లగా తిప్పేవాడు. మళ్లీ వెల్లకిలా పడకుండా తన తువ్వాలను మడిచి వీపు వెనక దోపేవాడు. ఎన్నిసార్లు కడిగినా ఆ చేతుల్లో మిర్చి మంట పోయేది కాదు. భుజం మండుతోందని అమ్మ నిద్రలోనే గొణిగేది. నేను చూసుకుంటానంటే ఒప్పుకునేవాడు కాదు.

"పొద్దున పిల్లలకు పాఠం చెప్పాలె గదా బిడ్డా, నువ్వు పండుకో," అనేవాడు.

ఎండాకాలం మొదలైన రోజుల్లో మార్కెట్లోనే పట్టపగలు బస్తాకు ఆనుకుని కూర్చున్న బాపు మళ్లీ లేవలేదు. గుండె ఆగిందన్నారు. సమాధి దగ్గర నుంచి వచ్చాక అమ్మ ఒకే మాట అన్నది. "నన్ను కాయబట్టే పోయిండు." 

బాపు బట్టలన్నీ ఉతికి, మడిచి, ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాను. తువ్వాల కూడా అందులోనే పెట్టాను. ఇది నాకు బాగా గుర్తుంది.

ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి అన్నం తిన్నాక అమ్మ పడుకుంది. నేను వంటింట్లో గిన్నెలు తోముతున్నాను. గురక ఆగింది. చేతులు తుడుచుకోకుండానే పరుగెత్తాను. గడప దాటేలోపే అమ్మ ఊపిరి ఎగపీల్చడం వినిపించింది. లోపల చూస్తే ఆమె గోడవైపు తిరిగి ప్రశాంతంగా నిద్రపోతోంది. వీపు వెనక మడిచిన తువ్వాల ఉంది. గదిలో మిర్చి ఘాటు. నాకు దగ్గు ఆగలేదు. బయటికొచ్చి చూశాను. చుట్టుపక్కల ఎవరూ కారం దంచడం లేదు, ఎండబెట్టడం లేదు. ట్రంకు పెట్టెకు వేసిన తాళం వేసినట్టే ఉంది. తీసి చూస్తే తువ్వాల లేదు.

లేచాక అమ్మ భుజానికి కొబ్బరినూనె రాయమంది. అక్కడ ఎర్రగా కమిలి ఉంది. నూనె రాస్తుంటే ఆమే అన్నది, "మీ బాపుకు ఇంకా నిద్ర లేదే."

తర్వాత చాలాసార్లు అలాగే జరిగింది. నేను పక్కనే కూర్చుంటే ఏమీ జరిగేది కాదు, నేనే తిప్పేదాన్ని. లేచి వెళ్లినప్పుడో, అలసి కన్ను మూసినప్పుడో ఆ తువ్వాల వీపు వెనక కనిపించేది. ఊపిరాడక కొందరు నిద్రలోనే వాళ్లంతట వాళ్లు తిరుగుతారని డాక్టరు చెప్పాడు. కావచ్చు. తువ్వాల సంగతి నేను ఆయనకు చెప్పలేదు.

వానలు మొదలయ్యాక మిషన్ వచ్చింది. మొదటిరోజే అమ్మ గురక లేకుండా నిద్రపోయింది. నెల తిరిగేసరికి కునికిపాట్లు పోయాయి, ముఖం తేటపడింది. భుజం మళ్లీ ఎర్రబడలేదు. అందరూ దేవునికి స్తోత్రం చెప్పారు. అమ్మ మాత్రం మాస్కు చేతిలో పట్టుకుని చాలాసేపు మంచం మీద కూర్చునేది.

ఒక మధ్యాహ్నం నేను స్కూలు నుంచి ముందే వచ్చేశాను. అమ్మ మాస్కు లేకుండా వెల్లకిలా పడుకుని ఉంది. మిషన్ తీగ కూడా ఊడదీసి పక్కన పెట్టింది. మరిచిపోయి కాదు. నాకు అర్థమైంది. గుమ్మం దగ్గరే ఆగిపోయాను. గురక ఆగింది. నేను కూడా ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఇక తట్టుకోలేక వెళ్లి భుజం కింద చేయి పెట్టి తిప్పాను.

అమ్మ కళ్లు తెరవకుండానే నా చేతిని పట్టుకుంది. వేళ్లన్నీ తడిమి చూసింది.

"నువ్వా బిడ్డా," అన్నది.

తర్వాత లేచి కూర్చుని, తనే మాస్కు పెట్టుకుని గోడవైపు తిరిగి పడుకుంది. ఆ రోజు నుంచి ఏ రోజూ మాస్కు మానలేదు.

ఆ ఎండాకాలమంతా అమ్మను ఎవరు తిప్పారో నాకు తెలియదు. ఆ మధ్యాహ్నం ఎందుకు రాలేదో కూడా తెలియదు.