బంగాళాఖాతంలో పడ్డ మా అమ్మ చెంబు

ముందే ఒప్పేసుకుంటాను. గోరంత చూసి కొండంత చెప్పే జబ్బు నాకుంది. ఏలూరులో ఒక ప్లీడరు గారి దగ్గర పదిహేనేళ్ళుగా గుమాస్తాని. ఉన్నది ఉన్నట్టు చెబితే నాకు అన్నం అరగదు. కొల్లేట్లో జానెడు కొర్రమీను దొరికితే ఇంటికి చేరేలోపు అది బారెడవుతుంది. వంటింట్లో మా ఆవిడ దాన్ని మళ్ళీ జానెడు చేస్తుంది.

దయ్యాలంటారా, నేనెప్పుడూ నమ్మలేదు. మా ఊళ్ళో ఎవరికైనా పూనకం వస్తే, వేపమండలు పట్టుకుని భూతవైద్యుడు వచ్చేలోపే నేను వెళ్ళి నవ్వి వచ్చేవాణ్ణి. అందుకే ఈ సంగతి రాయడానికి ఆరేళ్ళు పట్టింది. ఇందులో ఒక్క ముక్క మాత్రం నేను కల్పించాను. అదేదో చివర చెబుతాను.

మా చెల్లెలు రంగూన్‌లో ఉంటుంది. మా బావ అక్కడ బియ్యం మిల్లులో పని చేస్తాడు. రెండో కాన్పుకి అమ్మ రావాలని ఉత్తరం రాశారు. పుట్టిల్లూ, కైకలూరు పక్క మా ఊరూ తప్ప ఎరగని అమ్మ, వెళ్తానంది. నాన్నగారు మూడు రోజులు పంచాంగం తిరగేశారు. నాలుగో రోజు ఒక్క మాట అడిగారు.

"నడిసముద్రంలో నీకేమన్నా అయితే నాకెలా తెలుస్తుందే?"

అమ్మ నవ్వేసింది. "నా చెంబు వచ్చి చెబుతుందిలెండి."

ఆ చెంబు సంగతి చెప్పాలి. పెంటపాడులో పుట్టింటివారు పెళ్ళిలో ఇచ్చిన ఇత్తడి చెంబు. మెడ చుట్టూ చుక్కలు చుక్కలుగా 'పెంటపాడు కనకమ్మ' అని చెక్కించారు. దారిలో బావుల కోసం చెంబూ, చేదతాడూ లేకుండా అమ్మ గడప దాటదు. ఒక పక్క పెద్ద సొట్ట. అది చిన్నప్పుడు నేను బావిగట్టుకేసి కొట్టింది.

నాన్నగారు మాత్రం నవ్వలేదు.

బుధవారం అమ్మా, తోడుగా నేనూ కాకినాడలో ఓడెక్కాం. ఓడంటే ఓడ కాదు, ఏలూరు స్టేషన్ నుంచి తాడేపల్లిగూడెం స్టేషన్ దాకా ఉంది. సరే, మా వీధంత ఉంది. మరునాడు గురువారం తెల్లారేసరికి నాలుగు పక్కలా నేల లేదు. అబ్బ, ఆ రోజు! జన్మలో అంత తీరుబడిగా ఎప్పుడూ లేను. కోర్టు లేదు, ప్లీడరు గారి కేకలు లేవు, వాయిదాలు లేవు. కెరటం కూడా లేదు. సముద్రం నూనె పోసిన పళ్ళెంలా ఉంది. నీళ్ళలోంచి చేపలు రెక్కలు విప్పి ఎగిరి పోతున్నాయి. ఒకటి నా తువ్వాలు పట్టుకుపోయింది. లేదు, తువ్వాలు గాలికి పోయింది, కానీ చేపలు మాత్రం నిజంగానే ఎగిరాయి. నేను చిన్నపిల్లాడిలా ఈ కొసనుంచి ఆ కొసకి పరుగెత్తాను.

అమ్మ రెండు చేతులూ కమ్మీ మీద పెట్టి చాలాసేపు చూసింది.

"ఇంత కొల్లేరు ఎక్కడిదిరా! తామరాకు ఒక్కటీ లేదు, కొంగ ఒక్కటీ లేదు. ఎవరూ బాగు చెయ్యరా దీన్ని?"

మా పక్కనే ఏలూరు తివాచీల వ్యాపారి కరీం సాహెబు గారు. ఎండకి కింద కాలుతోందని తన సరుకులో ఒక తివాచీ విప్పి అమ్మకి పరిచారు. "కూర్చోండమ్మా, ఏలూరు నేలే అనుకోండి" అన్నారు. అమ్మ మురిసిపోయింది. పులిహోర పొట్లం విప్పి ముందు ఆయనకే పెట్టింది. తిని, తాంబూలం వేసుకుని, ముగ్గురం మహారాజుల్లా కాళ్ళు జాపుకున్నాం.

అప్పుడు పుట్టింది అమ్మకి కోరిక. "నడిసముద్రంలో స్నానం ఎంతమందికి దొరుకుతుంది? నాలుగు చుక్కలు నెత్తిన జల్లుకుంటానురా."

కొల్లేటివాళ్ళం కదా, మాకు నీళ్ళంటే పడవలోంచి వంగి ముంచుకునేవి. చెంబు ముంచితే పడవాడు తెడ్డు ఆపుతాడు. ఇక్కడ నీళ్ళు తాటిచెట్టంత లోతున ఉన్నాయి. పోనీ, అందులో సగం. అయినా మాకేమీ తోచలేదు. చెంబుకి చేదతాడు కట్టి, బావిలోకి వదిలినట్టు వదిలాం.

"అమ్మగారూ, వద్దండీ" అన్నారు సాహెబు గారు లేస్తూ. "ఇది ఆగే పడవ కాదండీ."

ముడి అమ్మే వేసింది. చెంబు నీటికి తగలగానే ఏనుగు లాగినట్టు తాడు గుంజుకుంది. తెల్లటి నురుగులో ఒక్కసారి పసుప్పచ్చగా మెరిసింది. ముడి విడిపోయింది. చేతిలో తాడు మిగిలింది.

నాకు నవ్వాగలేదు. అమ్మ ముఖం చూశాక ఆగింది.

"ఆయనతో అన్నానురా" అంది. "నా చెంబు వచ్చి చెబుతుందని అన్నాను."

"ఇత్తడి చెంబు తేలదే అమ్మా! నడవదు కూడా!"

"నీకు తెలీదు. ఆ చెంబు చూస్తే ఆయన బతకరు."

ఆ పూట మళ్ళీ చేపలు ఎగిరాయి. సాహెబు గారు చూడమన్నారు. అమ్మ చూడలేదు. రంగూన్ చేరేదాకా అన్నం ముట్టలేదు. శనివారం ఓడ దిగాక మనవడు పుట్టాడని బావ చెబితే, "వాడు ఎక్కడికీ పోడు, ముందు మీ మామగారికి తంతి కొట్టు బాబూ" అంది. పిల్లాణ్ణి ఎత్తుకున్నది తంతి ఇచ్చి వచ్చిన తరవాతే.

మూడు నెలలకి తిరిగొచ్చాం. నాన్నగారు వీధరుగు మీద ఉన్నారు. మమ్మల్ని చూడగానే లేచారు. లోపలికి వెళ్ళి, తెచ్చి, అమ్మ ముందు పెట్టారు.

చెంబు.

మెడ చుట్టూ పెంటపాడు కనకమ్మ. పక్కన నా సొట్ట. చింతపండు పెట్టి తోమినట్టు తళతళలాడుతోంది.

కొల్లేటి నీళ్ళు సముద్రంలోకి పోయే ఉప్పుటేరు దగ్గర ఒక జాలరి చేపల బుట్ట ఎత్తితే అందులో ఉందట. అతనికి చదువు రాదు. కైకలూరులో షావుకారు గారికి చూపిస్తే, అమ్మని ఎరిగిన ఆయన పేరు చదివి మా ఇంటికి పంపారు. ఎప్పుడని అడిగాను. నాన్నగారు పంచాంగం తీశారు. ఇంట్లో ఏం జరిగినా ఆయన తిథి పక్కన రాస్తారు. మేము చెంబు పోగొట్టుకున్న గురువారానికి మరునాడు, శుక్రవారం పక్కన ఇలా ఉంది: 'ఉదయం. కనకం చెంబు వచ్చింది.' శనివారం పక్కన ఏమీ లేదు. ఆదివారం పక్కన, వంకరపోయిన అక్షరాలతో: 'తంతి. కనకం ఉంది.'

ఆ రెండు రోజులూ ఆయన పచ్చి మంచినీళ్ళు తాగలేదట. ఎవరికీ చెప్పలేదట. చెంబు ముందు కూర్చున్నారు, అంతే.

గురువారం మధ్యాహ్నం నడిసముద్రంలో మునిగిన ఇత్తడి చెంబు, శుక్రవారం పొద్దున్నకి కొల్లేటికి ఎలా వచ్చింది? కెరటాలు అన్నారు కొందరు. అంత దూరం, ఒక్కరాత్రిలోనా? అలాంటి చెంబు ఇంకోటి ఉంటుందన్నారు. సొట్ట కూడానా? పడ్డప్పుడు కళ్ళారా చూసిన కరీం సాహెబు గారు ఇప్పటికీ ఏలూరులోనే ఉన్నారు. ఈ మాట ఎత్తితే ఆయన నవ్వరు. ఆరేళ్ళుగా ఆలోచిస్తున్నాను, నాకూ అంతుచిక్కలేదు.

తిరిగొచ్చిన ఆ రోజు, చెంబు ఎలా పోయిందో చెప్పాక, నాన్నగారు ఒక్క ప్రశ్న అడిగారు. "ముడి ఎవరు వేశారు?"

"అమ్మే" అన్నాను.

అమ్మ నా వంక చూసింది. తరవాత ఆయన వంక తిరిగి, "నేనేనండీ" అంది. ఆయన చెంబు తీసి తన పక్కన పెట్టుకున్నారు.

నేను కల్పించిన ముక్క అదే. ముడి వేసింది నేను. 'ఇది కొల్లేటి పడవలు కట్టే ముడి, ఏనుగు లాగినా ఊడదు' అని సాహెబు గారి ముందు గొప్పలు పోతూ వేశాను. ఓడ కొలతలూ, తువ్వాలూ ఎక్కడికక్కడే దిద్దేశాను. ఈ ఒక్కటే ఆరేళ్ళు దిద్దకుండా ఉండిపోయింది.

నేను రాసింది ఏది అచ్చయినా నాన్నగారు వీధరుగు మీద కూర్చుని అమ్మకి చదివి వినిపిస్తారు. ఇదీ వినిపిస్తారు. ఇప్పుడు అమ్మ ఊరెళితే ఆ చెంబుని వెంట తీసుకెళ్ళనివ్వరు. అది ఎప్పుడూ ఆయన చేతికందే దూరంలోనే ఉంటుంది. వచ్చే ఆదివారం నేను మా ఊరు వెళ్ళాలి.