పగిలినవన్నీ నావే అన్న మనిషి

ఆత్మీయుల మరణవార్తను సైతం రెండోసారి రూఢి చేసుకుంటే గాని నమ్మని స్వభావం నాది. లింబాద్రి గారు ఇక లేరన్న కబురు మా కుండల బృందపు వాట్సాప్‌లో, ఎవరో పెట్టిన నీలిరంగు టీ కెటిల్ ఫోటో కింద వచ్చింది. ఆ ఫోటోకు అప్పటికే వరుసగా చప్పట్ల బొమ్మలు పడి ఉన్నాయి. వాటి కింద చావు కబురేమిటి, ఎవరో ఆకతాయి పని అయి ఉంటుందనుకుని, తిన్నగా అబిడ్స్‌లోని ఆయన దుకాణానికి ఫోన్ చేశాను. పక్క దుకాణం మనిషి ఎత్తాడు. "ఔ టీచరమ్మా, నిజమే. పొద్దుగాల షట్టర్ లేపిండు, కుర్చీల కూసున్నడు, మళ్ళ లేవలే" అన్నాడు. అప్పుడు నమ్మాను.

లింబాద్రి గారు వృత్తి రీత్యా కళ్ళద్దాల వ్యాపారి. నలుగురు నిలబడితే నిండిపోయే దుకాణం. ప్రవృత్తి రీత్యా మృణ్మయ కళోపాసకులు. ఈ మాట ఆయన వింటే, "గంత పెద్ద మాటెందుకు టీచరమ్మా, మట్టి పిసుకుతం, గంతే" అనేవారు. నాంపల్లి స్టేషన్ వెనక సందులో వారి ఇల్లు. డాబా మీద రేకుల షెడ్డు, అందులో మట్టిని తిప్పే రెండు కరెంటు సారెలు, ఓ మూల కుండలు కాల్చే కరెంటు బట్టీ. ఆదివారాలు మేమంతా అక్కడ చేరేవాళ్ళం. బ్యాంకు ఉద్యోగులు, దుకాణదారులు, నాలాంటి రిటైరైన తెలుగు టీచర్లు. ఎవరికీ ఇది బతుకుతెరువు కాదు, సరదా. స్టేషన్‌లో రైళ్ళ ప్రకటనలు వింటూ, చాయ్ తాగుతూ, వంకరటింకర కప్పులు చేసి, వాటికి ఫోటోలు తీసి గ్రూపులో పెట్టుకుని మురిసిపోయేవాళ్ళం. కాకిపిల్ల కాకికి ముద్దు కదా.

మా కాకిపిల్లల మధ్య ఆయనవి మాత్రం హంసలు. చిన్న చిన్న గ్లాసులు, మూత ఉన్న గిన్నెలు. అంచు ఎంత పలచగా ఉండేదంటే, ఎండలో పట్టుకుంటే అవతల వేలి నీడ కనిపించేది. దుకాణంలో వాడే భూతద్దమే జేబులో పెట్టుకుని వచ్చి, మా కుండల మీద వెంట్రుకవాసి బీటలు వెతికిపెట్టేవారు. బట్టీలో పేర్చే ముందు ప్రతి కుండనూ పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తి చెంపకు ఆనించుకునేవారు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టు. తడి కుండ బట్టీలో వేడెక్కితే ఆవిరి బయటికి దారిలేక ఢామ్మని పేలుతుంది. పేలితే తను ఒక్కటే పోదు, ఆ పెంకులు తగిలి పక్కనున్నవీ పోతాయి. "మనిషి మీద అనుమానపడకున్రి, తడి మీద పడున్రి" అన్నది ఆయన మాకు చెప్పిన మొదటి పాఠం. నేను రెండింటి మీదా పడేదాన్ని.

మా డాబా మీద ఒక కట్టుబాటు ఉండేది. ఎవరి కుండ పేలి ఇతరులవి పాడైతే, వాళ్ళు తాము చేసిన కుండలు దాచుకునే అలమర తలుపు తెరవాలి. నష్టపోయినవాళ్ళు అందులోంచి తమకు నచ్చినది ఏరుకుని పట్టుకుపోవచ్చు. న్యాయమైన ఏర్పాటే. కాని నేను చేరిన నాటి నుంచీ తెరుచుకున్న అలమర ఒక్కటే, లింబాద్రి గారిది. బట్టీలో కుండల కాల్పు అయిన మర్నాడు మేం వెళ్ళేసరికి ఆయనే బట్టీ తెరిచి, ఊడ్చి, పెంకులన్నీ పాత గోనెసంచి మీద పరిచి ఉంచేవారు. "నాదే పేలింది. మీ రెండు గూడ పోయినయ్. మాఫ్ చెయ్యున్రి" అనేవారు. ఆ పెంకుల్లో ఆయన పలచటి గ్లాసు ముక్కలు కళ్ళకు కనబడుతూనే ఉండేవి. ఇక అడిగేదేముంటుంది?

నాకు మాత్రం ఉండేది. అతి వినయం ధూర్త లక్షణం అన్నారు పెద్దలు. ఈయన ఒక్కరే ముందుగా వచ్చి బట్టీ ఎందుకు తెరుస్తాడు? మేం రాకముందే ఏం ఊడుస్తాడు, ఎందుకు ఊడుస్తాడు? ఇంతకన్నా ముల్లులా గుచ్చింది ఇంకొకటి. పలచటి గోడలున్న కుండ అన్నిటికన్నా ముందు ఆరుతుంది. పేలాల్సింది అడుగు మందంగా ఉన్నది. గౌలిగూడలో ట్రాన్స్‌పోర్టు ఆఫీసు నడిపే మురళీధర్ చేసే దీపపు స్తంభాల అడుగు ఇటుకంత మందం. అవి పేలవు, ఉల్లిపొరలాంటి గ్లాసులు పేలతాయా? పైగా మురళీధర్ ఇంటి షోకేసులో లింబాద్రి గారి గిన్నెలు మూడు చేరాయి, వాటి ఫోటో గర్వంగా గ్రూపులో పెట్టాడు కూడా. ఆయన పనితనం కొట్టేయడానికి ఇతగాడు కావాలనే తడి కుండలు పెడుతున్నాడేమోనని కూడా అనుమానించాను. అది అన్యాయమని తరవాత తెలిసింది. మురళీధర్‌కు అంత తెలివి లేదు.

ఒక కాల్పు మర్నాడు, ఇక ఉండబట్టలేక, తెల్లవారుతుండగానే వెళ్ళాను. మెట్లు చప్పుడు కాకుండా ఎక్కాను. షెడ్డు తలుపు ఓరగా ఉంది. బట్టీ తెరిచి ఉంది. లోపల ఎవరిదో మందపాటి కుండ తునాతునకలైంది. ఆ మందపాటి పెంకులన్నీ ఏరి ఆయన ఒక బకెట్లో వేసి, పైన, పూతల కోసం దాచిన కట్టెల బూడిద పోశారు. తరవాత పై అరలోంచి తన మూతగిన్నె తీశారు. చిన్న గీత కూడా లేని గిన్నె. భూతద్దం పెట్టి చుట్టూ తిప్పి తిప్పి చూసుకున్నారు. మూత తీసి, పెట్టి, మళ్ళీ తీశారు. చూసి చూసి, దాన్ని నీళ్ళతొట్టి అంచుకు కొట్టారు. గిన్నె ముక్కలైంది. ఆ ముక్కలను గోనెసంచి మీద పరచడం మొదలుపెట్టారు.

"ఏంది లింబాద్రి గారూ, ఏం జేస్తున్నరు?" అన్నాను. నా గొంతు నాకే అరుపులా వినబడింది.

ఆయన ఉలిక్కిపడలేదు. "మీరు ఎప్పుడన్న ఒకనాడు వస్తరనుకున్న టీచరమ్మా. వచ్చిన్రు. జర తలుపు దగ్గరికెయ్యున్రి" అన్నారు.

"ఎవరిది పేలింది?"

"చెప్ప."

"మీది కాదు గద?"

"ఎవలదో ఒకలది కావాలె గద. నాదైతే ఏమాయె?" అని, ముక్కలు పరుస్తూనే చెప్పారు. "మొదట్ల ఒకామె వస్తుండె. ఆమెది పేలి నలుగురివి పోయినయ్. నేనే ఆమె పేరు చెప్పిన. నిజమే చెప్పిన. అందరు ఆమె దిక్కు చూసిన్రు. మళ్ళ రాలే. నా దుకాణం ముంగటి నుంచే పోతది, తల ఎత్తది. గా చూపు నాతోని కాదు టీచరమ్మా. గిన్నె మళ్ళ చేసుకుంట."

నాకు కోపం వచ్చింది. ఇప్పటికీ ఉంది. సంస్మరణ వ్యాసంలో దోషాలు రాయకూడదంటారు గాని, రాయకపోతే ఆయన మనిషని ఎవరు నమ్ముతారు? లింబాద్రి గారి దోషం మొహమాటం. చెంపకు చల్లగా తగిలిన కుండను వద్దని తిప్పి పంపలేరు. "రెండు దినాలు ఆగుదమా?" అని నసిగేవారు. "పెళ్ళిల ఇచ్చేదుంది అన్నా, ఎండింది, నేను చూసిన గద" అని ఎవరైనా గట్టిగా అంటే లొంగిపోయేవారు. ఒక్క 'కాదు' అనే మాట నోట రాక, ఆ మాటకు బదులు గిన్నె వెనక గిన్నె పగలగొట్టుకున్న మనిషి ఆయన. "మీరిట్లా చేస్తే వాళ్ళకు బుద్ధి ఎప్పుడొస్తది?" అని అడిగాను. "బుద్ధి రాకున్న మంచిదే, మనిషి వస్తే చాలు" అన్నారు. ఎవరికీ చెప్పనని నాచేత మాట తీసుకున్నారు.

ఆయన పోయాక ఆ డాబా మీదే సంతాప సభ పెట్టుకున్నాం. దండ వేసిన ఫోటో పక్కన ఆయన కుండలు పెడదామంటే, ఆయన ఇంట్లో ఒక్కటీ లేదు. అలమర ఖాళీ. మా మా ఇళ్ళలోంచి తెచ్చి బల్ల నింపాల్సి వచ్చింది. ఆయన భార్య సుగుణక్క ఆ బల్లను ఎవరి సామానో చూసినట్టు చూసింది. మురళీధర్ లేచి మాట్లాడాడు. "మా లింబాద్రన్న మనిషి బంగారం. గని చెయ్యి పచ్చిది. పాపం, ఆయన కుండలు పేలి మాయి ఎన్ని పోయినయో. అయిన ఒక్కనాడు మేం ఏమనలే" అన్నాడు. నలుగురు తలలూపారు. సుగుణక్క తల వంచుకుంది. భర్త చేసిన నష్టానికి క్షమాపణ చెప్పుకుంటున్నట్టు వంచుకుంది. నా గుండె మండింది.

మాట ఇచ్చింది బతికున్న మనిషికి, పరువు పోతున్నది చనిపోయిన మనిషిది. లేచి, చూసిందంతా చెప్పేశాను. తరవాత బ్యాంకులో పనిచేసే కవిత నెమ్మదిగా అడిగింది. "మరి ఎవరియి పేలినయి టీచరమ్మా? పేర్లు చెప్పున్రి." నాకు తెలియదు, ఆయన చెప్పలేదు అన్నాను. ఇక చూడాలి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరికి వారు "నాయి ఎండినంకనే పెడత" అనడం మొదలుపెట్టారు. నన్ను జీవితమంతా అనుమానపు పక్షి అన్నవాళ్ళే ఇప్పుడు నన్ను అనుమానించారు. చనిపోయినవారిని పొగడాలని ఏదో కల్పించానన్నారు. వెళ్ళేటప్పుడు బల్ల మీద కుండలు ఎవరివి వారు సంచుల్లో సర్దుకున్నారు. ఎవరి సంచిలో ఏది పోతోందో నేను మెట్ల దగ్గర నిలబడి చూశాను.

అందరూ పోయాక సుగుణక్క నా చెయ్యి పట్టుకుంది. "నా మనసుకు మంచిగుండాలని చెప్పిన్రు టీచరమ్మా, తెలుసు. గని పేలినప్పుడల్ల నేను అడుగుతుంటి, నిజంగ నీదేనా అని. నా తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసెటోడు" అంది. ఒక్క నిజాన్ని నమ్మించడానికి నా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఆధారాలన్నీ ఆయనే బూడిదలో కలిపేశారు.

ఆయన లేకుండా మొదటి కాల్పు మొన్న జరిగింది. బట్టీ పేర్చింది మురళీధర్. చెంపకు ఆనించి చూడు అంటే, "ఎండినయ్ టీచరమ్మా, మీకన్నిటికి అనుమానమే" అన్నాడు. పొద్దున స్విచ్ వేసి, చాయ్ తాగుతూ కూర్చున్నాం. స్టేషన్‌లో ఏదో రైలు ఆలస్యమని చెబుతున్నారు. అంతలో బట్టీ లోపల ఢామ్మని చప్పుడైంది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది. కింద వంట చేస్తున్న సుగుణక్క, గరిటె చేతిలో ఉండగానే పైకి వచ్చింది.

"లోపల మా ఆయనది లేదు గద?" అంది.

లేదన్నాను.

"మరి ఎవలది పేలింది?"

ఆమె మమ్మల్ని ఒక్కొక్కరినే చూసింది. ఆ చూపు తనతో కాదని లింబాద్రి గారు ఎందుకన్నారో అప్పుడు అర్థమైంది. ఆమె ఏడవలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "ఎంత పని చేసినవయ్యా" అని, లేని భర్తతో అంది.

మర్నాడు బట్టీ తెరిచేటప్పుడు ఆమె వచ్చి తొట్టి పక్కన కూర్చుంది. లోపల మురళీధర్ దీపపు స్తంభం అడుగు ఎగిరిపోయి ఉంది. పక్కనున్న కవిత గిన్నెలు పోయాయి. మురళీధర్ చాలాసేపు పెంకుల వైపే చూస్తూ నిలబడ్డాడు. మా డాబా మీద లింబాద్రి గారు కాక వేరొకరు ఆ మాట అనడం నేను వినడం అదే మొదలు.

"నాదే వదినా. పచ్చిగ ఉండంగనే పెట్టిన. ఇంతకుముందుయి గూడ నాయే కావచ్చు."

సుగుణక్క లేచి దగ్గరికి వచ్చింది. పెంకు ఒకటి తీసి చూసింది, అతని ముఖం చూసింది.

"నిజంగ నీదేనా మురళీ? ఎవలనన్న కాపాడుతున్నవా?"

"నాదే వదినా. నీ మీద ఒట్టు."

"గీ ఒట్టు ఆయన గూడ గిట్లనే వేసెటోడు" అంది సుగుణక్క. పెంకు కింద పెట్టి కిందికి వెళ్ళిపోయింది.

అది మురళీధర్‌దే. అడుగు నేను స్వయంగా చూశాను, సాక్ష్యం చెబుతాను. అయినా ఆమె నమ్మలేదు. ఇక ఎవరు చెప్పినా నమ్మదు.

లింబాద్రి గారూ, అబద్ధం తప్ప మరో ఆయుధం ఎరుగని మీ మంచితనానికి శిరసు వంచి నమస్కరిస్తున్నాను. మీతో నా పోట్లాట ఇంకా తీరలేదు. కాని ఆ పొద్దున ఆ పెంకుల ముందు మేమంతా నోరు మూసుకుని నిలబడ్డప్పుడు, మీరొకసారి వచ్చి ఆ అబద్ధం చెబితే బాగుండునని నాకే అనిపించింది.